చూసింది చూసినట్టు

ఆదివారం పొద్దున నిలోఫర్ బొమ్మలు కడుగుతుంది. ఇంట్లో బొమ్మలు కావు, ఆసుపత్రి బొమ్మలు. గిలక్కాయలు, నొక్కితే కూసే రబ్బరు బాతు, కడుపులో దీపం వెలిగే ప్లాస్టిక్ కోడిపిల్ల, ఎర్ర బంతి. వారమంతా పసిపిల్లల నోళ్లలో నానినవి. శనివారం సాయంత్రం వాటిని గుడ్డసంచిలో వేసుకుని తిరుపతిలో బస్సెక్కి రేణిగుంటకు తెచ్చుకుంటుంది. సబ్బునీళ్లలో కడిగి, మిద్దెమీద ఆరబెట్టి, సోమవారం మళ్లీ మోసుకుపోతుంది. ఆసుపత్రిలో ఈ పనికి మనిషి లేరు. ఆయమ్మను అడిగితే నేల తుడిచేంతవరకే నా పని అంది. మేనేజరును అడిగితే, ఇంట్లో గిన్నెలతో పాటు నాలుగు బొమ్మలు కడగలేరా మేడమ్ అని నవ్వాడు. ఆ నవ్వు నవ్వి ఎనిమిదేళ్లయింది. అప్పటినుంచి ఆమే కడుగుతోంది.

అత్త ఖమర్ జహాన్ మోకాళ్లకు నూనె రాసుకుంటూ వసారాలో కూర్చుని, పరాయి పిల్లల ఎంగిలి మన బకెట్లోనా అని ప్రతి ఆదివారం అడుగుతుంది. జవాబు కోసం అడగదు. భర్త అష్రఫ్ గోడౌన్‌లో సూపర్‌వైజరు. ఆదివారం ఆలస్యంగా లేచి, నోట్లో బ్రష్షు పెట్టుకుని, బయటేమో కంటి పరీక్షలు చేస్తానని చెప్పుకుంటావు, చేసేదేమో బొమ్మలు తోమే పని అంటాడు. నవ్వుతూనే అంటాడు. కోపంలో అన్న మాటలు నిలోఫర్‌కు గుర్తుండవు. నవ్వుతూ అన్నవి మాత్రం ఒక్కటీ పోలేదు.

ఆమె చేసేది చూపు ఎంత మేర ఉందో కొలిచే పని. ఎదురుగా చూస్తున్నప్పుడు కుడిపక్క, ఎడమపక్క, పైన, కింద ఎంతవరకు కనిపిస్తుందో తేల్చడం. పెద్దవాళ్లకైతే యంత్రముంది. తెల్లటి డొప్పలో ముఖం పెట్టి, చుక్క వెలిగినప్పుడల్లా మీట నొక్కితే కాగితం దానంతటదే వస్తుంది. మూడేళ్ల పిల్లకు మీట ఇస్తే నోట్లో పెట్టుకుంటుంది. అందులోనూ నిలోఫర్ దగ్గరికి వచ్చేది మెదడుకు దెబ్బ తగిలిన పిల్లలు. పుట్టగానే ఏడవనివాళ్లు, మూర్ఛలొచ్చేవాళ్లు, తలలో నీరు చేరినవాళ్లు, గడ్డ తీయించుకున్నవాళ్లు. కొందరికి కన్ను నిక్షేపంగా ఉంటుంది, కన్ను పంపినదాన్ని మెదడు సగమే అందుకుంటుంది. పళ్లెంలో సగం అన్నం వదిలేస్తారు. ఒకే పక్కన గోడకు గుద్దుకుంటారు. ఇంట్లోవాళ్లు పెంకితనం అంటారు, పరధ్యానం అంటారు, తల్లి గారాబం అంటారు.

అలాంటి పిల్లల కోసం నల్లపరదాలు కట్టిన చిన్న గదిలో పెద్ద గిన్నెలాంటి డొప్ప ఒకటి ఉంది. తల్లి ఒడిలో పిల్ల దానికి ఎదురుగా కూర్చుంటుంది. డొప్ప మధ్యలో కోడిపిల్ల బొమ్మ వెలుగుతుంటుంది. బొమ్మ పక్కనున్న కంతలోంచి అవతల కూర్చున్న నిలోఫర్ పిల్ల కళ్లనే చూస్తుంటుంది. పిల్ల చూపు బొమ్మ మీద నిలవగానే, ఏదో ఒక పక్క చిన్న దీపం వెలిగిస్తుంది. కన్ను అటు తిరిగితే కనిపించినట్టు. తిరగకపోతే?

పనంతా అక్కడే ఉంది. కనిపించకపోవడం వేరు, కనిపించినా పట్టించుకోకపోవడం వేరు. విసుగొచ్చిన పిల్ల కూడా తిరగదు. ఆ తేడా ఏ పుస్తకంలోనూ ఉండదు. దీపం కనిపించిన పిల్ల తల తిప్పకపోయినా వేలు చప్పరించడం ఒక క్షణం ఆపుతుంది. కాలి బొటనవేలు ముడుచుకుంటుంది. రెప్ప ఒకసారి ఆగి పడుతుంది. కనిపించని పిల్లలో ఏమీ జరగదు, ఊపిరి కూడా మారదు. ఆ ఏమీ జరగకపోవడాన్ని గుర్తుపట్టడానికి నిలోఫర్‌కు ఆరేళ్లు పట్టింది. డాక్టర్ దయానంద్ ఆమె గీసిన కాగితాలను బెంగుళూరులో పెద్ద డాక్టర్ల సభలో తెరమీద చూపించి, మా పద్ధతి అని చెప్పి మెప్పు పొంది వచ్చాడు. వస్తూ స్టాఫుకంతా మైసూర్‌పాక్ తెచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. అమ్మా నిలోఫర్ అని తప్ప పిలవడు. బయటినుంచి అతిథులెవరైనా వస్తే, అమ్మా నిలోఫర్, కాఫీ సంగతి కాస్త చూడమ్మా అంటాడు. ఆమె చూస్తుంది.

ఫిబ్రవరిలో బంగారుపాళ్యం నుంచి నాగవేణి అనే ఆమె కూతుర్ని తీసుకుని వచ్చింది. పాప పేరు భవాని, నాలుగేళ్లు. తలలో నీరు చేరితే పసికందుగా ఉన్నప్పుడే చెన్నైలో ఆపరేషన్ చేసి, ఆ నీరు కడుపులోకి దిగేలా చర్మం కింద సన్నటి గొట్టం వేశారు. చెవి వెనక ముట్టుకుంటే తెలుస్తుంది. అప్పుడప్పుడూ చూపు కొలిపించమని అక్కడి డాక్టర్లు రాసిచ్చారు. నాగవేణి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్ పనికి పోతుంది, మిగతా నెలల్లో దొరికిన పనికి. వేళ్ల సందుల్లో మామిడి జీడి కాల్చిన పాత నల్లమచ్చలున్నాయి. పరీక్ష జరిగినంతసేపూ పాప తలను గడ్డంతో ఆన్చి పట్టుకుని, ఒక్కసారి కూడా కదలకుండా కూర్చుంది. అంత బాగా పట్టుకునే తల్లులు తక్కువ. ఆ రోజు భవాని అన్ని పక్కలా చూసింది. ఎక్కడ దీపం వెలిగినా కిలకిలమని నవ్వుతూ తిరిగింది. బాగుంది, మూడు నెలలకు రండి, సెల్‌ఫోన్ ఎక్కువ చూపించొద్దు అని అందరికీ చెప్పినట్టే చెప్పి పంపాడు దయానంద్.

మే నెలాఖరులో వాళ్లు మళ్లీ వచ్చారు. ఫ్యాక్టరీ తెరిచిన వారమది. పని మానుకుని, ఎండలో రెండు బస్సులు మారి వచ్చింది నాగవేణి. పరదా లోపలికి రాకముందే నిలోఫర్‌ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది.

"మేడమ్, పాప ఇప్పుడు తట్టలో నడిమి కూడే తింటా ఉండాది. ఈ పక్కదీ ఆ పక్కదీ ఇడిసిపెడతాది. పక్కన పిల్లి పోయినా సూడదు. మా అత్త మొండితనం అంటాది. మా ఆయన కూడా అదే అంటాడు. నాకట్ల అనిపీలా మేడమ్."

నిలోఫర్ పరీక్ష చేసింది. కుడిపక్క దీపం వెలిగితే భవానిలో ఏమీ జరగలేదు. ఎడమపక్కా జరగలేదు. దీపాన్ని మధ్యకు, ఇంకా మధ్యకు తెస్తే గానీ కన్ను తిరగలేదు. అలసటేమోనని పాపకు అన్నం పెట్టించి, పడుకోబెట్టించి, లేచాక రెండోసారి చేసింది. బొమ్మ మార్చి, దీపాల వరుస మార్చి మూడోసారి చేసింది. మూడుసార్లూ అదే. ఫిబ్రవరిలో గది మొత్తం చూసిన పిల్ల ఇప్పుడు గొట్టంలోంచి చూస్తున్నట్టు చూస్తోంది. నిలోఫర్ కాగితం మీద వలయం గీసి, పక్కన రాసింది: చూపు మేర అన్ని వైపులా కుంచించుకుపోయింది, తల స్కాన్ వెంటనే తీయాలి.

దయానంద్ ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. పాప కంటి వెనక నరం చూశాడు. కుర్చీలో వెనక్కి వాలి మెల్లగానే మాట్లాడాడు. నాలుగేళ్ల పిల్ల. మూడు గంటలు బస్సులో వచ్చింది. తలలో ఒత్తిడి పెరిగితే నరం వాచాలి, ఆ వాపు లేదు. వాంతులు లేవు, తలనొప్పి అనలేదు. ఈ వయసులో ఒకరోజు చేసినట్టు ఇంకోరోజు చేయరు. ఈ కాగితంతో చెన్నైకి తరిమితే, అక్కడ స్కాన్ తీసి అంతా బాగుందంటే ఏమవుతుంది? ఇకమీదట మన కాగితాలను ఎవరు నమ్ముతారు?

"మూడుసార్లు చేశాను సార్" అంది నిలోఫర్.

"కాదనను. నీకు అట్లా అనిపించి ఉండొచ్చు. సహకరించలేదని రాయి. ఆరు నెలలకు మళ్లీ చేద్దాం."

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. అష్రఫ్. అతని చెల్లెలి కుటుంబం తడ నుంచి వస్తోందట, పన్నెండు మందికి వంట చేయాలి, అయిదు గంటల బస్సు తప్పిపోవద్దన్నాడు. సరే అని ఫోన్ పెట్టేసి, దయానంద్‌కూ సరే సార్ అంది. రెండు సరేలూ ఒకే గొంతుతో వచ్చాయని ఆమెకు ఆ తర్వాతెప్పుడో తట్టింది. కొత్త కాగితం తీసుకుని, బిడ్డ సహకరించలేదు, ఆరు నెలల తర్వాత మళ్లీ చేయాలి అని రాసి సంతకం పెట్టింది. రెండు నిమిషాలు పట్టింది. మొదటి కాగితాన్ని ఎందుకో చింపలేకపోయింది. మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. బయట బెంచీమీద ఎదురుచూస్తున్న నాగవేణితో, పాప అలసిపోయిందమ్మా, ఏమీ లేదు, ఆరు నెలలకు రండి అని చెప్పి, అయిదు గంటల బస్సు అందుకుంది.

తన కళ్లతో మూడుసార్లు చూసినదాన్ని ఒక్క మాటకు ఎలా వదిలేసిందని ఎవరైనా అడగవచ్చు. అలా వదిలేయడం నిలోఫర్ ఆ రోజు కొత్తగా నేర్చుకున్నది కాదు. మూడేళ్ల కిందట ఆమె రెండోసారి కడుపుతో ఉంది. పెద్దది అఖ్సాకు అప్పుడు ఆరేళ్లు. ఏడో నెల. ఒక గురువారం సాయంత్రం చపాతీలు ఒత్తుతూ ఉండగా, మధ్యాహ్నం నుంచి బిడ్డ కదలలేదని తట్టింది. పక్కకు తిరిగి పడుకుంది. చల్లటి నీళ్లు తాగింది. కడుపు మీద చేయి పెట్టుకుని ఒక గంట కాచుకుంది. అత్తకు చెప్పింది. ఆడపిల్లయితే మెల్లిగానే కదులుతుంది, ముందు చపాతీలు కానియ్ అంది ఖమర్ జహాన్. అష్రఫ్ వచ్చాక అతనికి చెప్పింది.

"నీకట్ల అనిపిస్తాది. ఆసుపత్రిలో ఉండి ఉండి నీకు అన్నీ రోగాలే కనిపిస్తా ఉండాయి" అన్నాడతను. "రేపు చూద్దాం."

శుక్రవారం అతనికి లోడ్ వచ్చింది. శనివారం తీసుకుపోయారు. మగబిడ్డ. గుండె ఎప్పుడు ఆగిందో చెప్పలేమన్నారు. ఖమర్ జహాన్ నిజంగానే ఏడ్చింది, రెండు రోజులు ముద్ద ముట్టలేదు. అష్రఫ్ బిడ్డను గుడ్డలో చుట్టి తనే తీసుకుపోయి పాతిపెట్టి వచ్చాడు. ఆ గురువారం గురించి మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. నిలోఫర్ కూడా అనలేదు. ఎవరైనా ఎత్తుతారేమోనని కొన్ని నెలలు చూసింది. అల్లా ఇచ్చినవాడు, తీసుకున్నవాడు అని వచ్చినవాళ్లంతా అన్నారు. ఆ మాట వింటూ వింటూ ఉండగా ఆమెకే అనుమానం మొదలైంది. గురువారం కదిలిందేమో. వంటపనిలో పడి తనే గమనించలేదేమో. కదలలేదని తనకు తెలుసు, అయినా ఆ తెలియడాన్ని పట్టుకుని నిలబడే బలం పోయింది. ఇంట్లో దేన్ని చూసినా ఇప్పుడు ముందు అడిగి, వాళ్లు ఔనన్నాకే నమ్ముతుంది. పాలు విరిగాయా అని కూడా అత్తకు చూపించి అడుగుతుంది. ఆసుపత్రిలో ఆ నల్లపరదా వెనక మాత్రమే ఆమె ఎవరినీ అడగకుండా చూసేది. మే నెలలో ఆ చూడటాన్నీ ఇంకొకరి చేతికి ఇచ్చేసింది.

జులై మూడో వారంలో నాగవేణి వచ్చింది. ఈసారి భర్త మునిప్రసాద్, అత్త జ్ఞానాంబ కూడా వచ్చారు. భవాని తల గొరిగి ఉంది, చెవి వెనక కొత్త కుట్లు. జూన్ చివర్లో ఒక పొద్దున పాప వాంతులు చేసుకుని లేవలేదట. చిత్తూరుకు, అక్కడినుంచి చెన్నైకి ఎత్తుకుపోయారు. గొట్టం చాన్నాళ్లుగా కొద్దికొద్దిగా మూసుకుపోతూ వచ్చిందని, లోపల ఒత్తిడికి చూపు నరాలు నలిగిపోయాయని అక్కడ చెప్పారు. గొట్టం మార్చారు. ప్రాణం నిలిచింది.

ఎంత మిగిలిందో కొలవండి మేడమ్ అన్నాడు మునిప్రసాద్. నిలోఫర్ పరదా వేసింది. కోడిపిల్లను వెలిగించింది. భవాని కళ్లు పెద్దవిగా తెరుచుకుని డొప్ప వైపే ఉన్నాయి గానీ బొమ్మమీద నిలవలేదు. కుడిపక్క, ఎడమపక్క, పైన, కింద. చివరికి కంతకు ఆనుకునే ఉన్న దీపం. ఏమీ జరగలేదు. ఒకచోట మాత్రం నిలోఫర్ మీట వేసిన చప్పుడుకు పాప తల చప్పున తిరిగింది. చప్పుడు వచ్చిన పక్కకే తిరిగింది, వెలుగు ఇంకో పక్కన ఉంది. నిలోఫర్ ఇక ఆపుదామనుకుని దీపాలన్నీ ఒకేసారి వేసింది. డొప్పంతా తెల్లగా వెలిగిపోయింది.

భవాని తల్లి మెడ పట్టుకుని, "మా, లైటెయ్యి" అంది.

నాగవేణి పాప తలను గడ్డంతో ఆన్చి పట్టుకునే ఉంది. కదలలేదు.

బయటికి వచ్చాక వరండాలో జ్ఞానాంబ అందరూ వినేలా మొదలుపెట్టింది. కూలికి పోవాలని పిల్ల చేతికి సెల్లిచ్చి కూర్చోబెట్టినందుకు కళ్లు పోయాయంది. డాక్టరు మొదటిరోజే వద్దన్నాడు కదా అంది. మునిప్రసాద్ తల్లిని ఆపలేదు. గోడకు ఆనుకుని, ఎవరినీ చూడకుండా అన్నాడు. "సెల్లు సూపించి సూపించి పిల్ల బతుకు బుగ్గి చేసె. తల్లంట, తల్లి." బెంచీల మీద ఉన్నవాళ్లంతా నాగవేణిని చూశారు. ఆమె పాప చెప్పుల పట్టీలు బిగిస్తూ ఉండిపోయింది. పరీక్ష గది తలుపు దగ్గర నిలబడిన నిలోఫర్‌కు అంతా వినిపించింది. సెల్లు వల్ల కాదని ఒక్క మాట చెప్పడానికి నోరు తెరిచింది. ఆ మాట చెబితే, మరి దేనివల్ల అని అడుగుతారు. తలుపు వేసుకుంది.

సాయంత్రం దయానంద్ గదికి పోయింది. ఆయన ముఖం కూడా వాడిపోయి ఉంది. గొట్టం ఎప్పుడు మూసుకుపోతుందో ఎవరికీ తెలియదన్నాడు. ఆ రోజు పంపినా ఇంతేనేమో అన్నాడు. నిన్ను నువ్వు నలుపుకోవద్దమ్మా అన్నాడు. ఆ ఏమో అన్న మాటను పట్టుకుని ఇంటికి పోవచ్చని, ఇంతకుముందు అలాగే పోయిందని ఆమెకు తెలుసు.

"మే నెలలో రాసిన మొదటి కాగితం నా దగ్గరుంది సార్."

దయానంద్ ఆమెను తలెత్తి చూశాడు. లేచి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. "చింపెయ్యమ్మా" అన్నాడు. "నీ మంచికే చెబుతున్నా. ఫైల్లో ఉన్నదానిమీద సంతకం నీది."

ఆ వారం ఇంట్లో అష్రఫ్‌కు చెప్పింది. అన్నం తింటూ విన్నాడు. మెదడు డాక్టర్లు, కంటి డాక్టర్లు, ఇంతమంది ఉండగా ఆ పిల్లను చూడాల్సింది నువ్వొక్కదానివేనా అన్నాడు. వాళ్లు కేసు పెడితే మొదట పోయేది నువ్వే అన్నాడు. తర్వాత చేయి కడుక్కుంటూ, "పోతే పోనీలే. ఉద్యోగం పోతే ఇంట్లో ఉండి అమ్మీని చూసుకుంటావు, ఆమెకూ మోకాళ్లు బాగాలేవు" అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. నిలోఫర్ కంచాలు తీసింది. రోజంతా ఈ వంటింటికీ ఆ వసారాకూ మధ్య తిరుగుతున్న తనను ఊహించుకుంది. ఆ నల్లపరదా గది లేకపోతే తనకంటూ మిగిలేదేమిటో వెతుక్కుంది. ఏమీ దొరకలేదు. భయమేసింది. ఆ భయంతో ఇంకో మూడు వారాలు గడిపింది. రోజూ ఉద్యోగానికి పోయింది, పిల్లలకు దీపాలు వెలిగించింది, కాగితాలు రాసింది. ప్రతి కాగితమూ దయానంద్ టేబుల్ మీద పెట్టేముందు, ఇది నేను చూసిందేనా అని ఒకసారి ఆగేది. కంతలోంచి చూస్తుంటే ఏ పిల్ల కన్ను తిరిగిందో, ఏ పిల్లది తిరగలేదో నిజంగానే అంతుపట్టకుండా పోయింది. ఒకరోజు ఒక పిల్లవాడికి అయిదుసార్లు చేసి, అయిదుసార్లూ వేరువేరుగా వచ్చి, ఆ తల్లిని రేపు రమ్మని పంపేసి, పరదాల వెనక కూర్చుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆగస్టులో ఒక బుధవారం, చిత్తూరులో కంటి శిబిరం ఉందని ఇంట్లో చెప్పి, ఆసుపత్రిలో ఒంట్లో బాగాలేదని చెప్పి, నిలోఫర్ బంగారుపాళ్యం బస్సెక్కింది. మొదటి కాగితాన్ని, దాని జిరాక్సును బ్యాగులో పెట్టుకుంది.

హైవే దిగి లోపలికి పది నిమిషాల నడక. రేకుల ఇల్లు, ముందు సిమెంటు అరుగు. మునిప్రసాద్ ఆ పూట బండి తోలడానికి పోలేదు, అరుగుమీద ఉన్నాడు. ఆసుపత్రి మేడమ్ ఇంటికి రావడం చూసి కంగారుగా లేచి కుర్చీ వేశాడు. జ్ఞానాంబ టీ పెట్టించింది. భవాని లోపల నేలమీద కూర్చుని గిన్నెలను ఒకదానితో ఒకటి తడుతూ చప్పుళ్లు వింటోంది. నాగవేణి బాగా చిక్కిపోయింది. ఫ్యాక్టరీకి పోవడం మాన్పించారని, ఎవరితోనూ మాట్లాడదని జ్ఞానాంబే చెప్పింది. సెల్లు సంగతి మళ్లీ మొదటినుంచి చెప్పింది. నిలోఫర్ టీ గ్లాసు పట్టుకుని విన్నది. చెప్పాలని వచ్చిన మాట చెప్పలేదు. బదులుగా, పాపను ఎలా నడిపించాలో చెప్పింది. గుమ్మానికి గజ్జెలు కట్టమంది, వస్తువులు పెట్టిన చోటే పెట్టమంది, చూపులేని పిల్లల బడి గురించి చెప్పింది. మంచిది మేడమ్, ఇంత దూరం మా కోసం వచ్చినారు అన్నాడు మునిప్రసాద్ చేతులు జోడించి. ఆ జోడించిన చేతులను చూసి నిలోఫర్ లేచి నిలబడింది. బస్సుకు టైమైంది అంది.

నాగవేణి పాపను చంకనేసుకుని హైవే దాకా వెంట వచ్చింది. బస్సు ఆగే చోట చింతచెట్టు నీడలో నిలబడ్డాక, నిలోఫర్ బ్యాగులోంచి కాగితం తీసింది.

"నాగవేణమ్మా, సెల్లు వల్ల కాదు" అంది. "మే నెలలో మీరు చెప్పింది నిజం. పాపకు అప్పటికే రెండు పక్కలా చూపు పోతా ఉండింది. నేను మూడుసార్లు చూశాను. స్కాన్ తీయాలని ఇదిగో, ఇందులో రాశాను. తర్వాత మార్చి రాశాను. పాప సరిగ్గా చేయలేదని రాశాను. ఆ రోజే పంపి ఉంటే ఎంత చూపు దక్కేదో నాకు తెలియదు. కొంతైనా దక్కేదేమో."

నాగవేణి కాగితం వైపు చూడలేదు. పాపను ఒక చంకనుంచి ఇంకో చంకకు మార్చుకుంది.

"నాకు తెల్సు మేడమ్" అంది. "ఆ పొద్దు నువ్వు బయటికొచ్చి ఏం లేదమ్మా అంటావుంటే నీ మొగం సూసినా. నీకు ఏందో తెలిసిందని నాకర్థమైపాయ. కానీ సదువుకున్నదానివి నువ్వే ఏం లేదంటివి. నేనే తప్పు సూసినానేమో అనుకున్యా. ఇంటికొచ్చినాక పాప తట్టలో రెండు పక్కలా ఇడిసిపెడతానే ఉన్నింది. నేను సూస్తానే ఉన్నింటి. నువ్వు ఏం లేదంటివి గదాని, నా కండ్లను నేనే నమ్మలా."

అష్రఫ్ గానీ, అత్త గానీ, దయానంద్ గానీ తనకు ఏం చేశారో ఇన్నేళ్లూ నిలోఫర్ లోపల్లోపల లెక్కపెట్టుకుంటూ వచ్చింది. అదే పనిని అంతకంటే నేర్పుగా, అమ్మా అని పిలిచి, తను ఈమెకు చేసింది. క్షమించమని అడగలేదు. ఈమె క్షమిస్తే ఏమిటి, క్షమించకపోతే ఏమిటి. భవాని తల్లి భుజం మీద గడ్డం ఆన్చి, పోతున్న లారీల చప్పుడుకు అటూ ఇటూ తల తిప్పుతోంది.

తిరుపతి బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తలుపు తెరిచి చూశాడు.

"ఈ కాగితం నాకొద్దు మేడమ్. నాకు సదవను రాదు" అంది నాగవేణి. "నువ్వు ఆడికొచ్చి నోటితో సెప్పు. మా అత్త ముందర, ఆయన ముందర. నాకు ఇంగేం వద్దు."

ఆ ఇంట్లో ఈ మాట పడితే అది ఇంట్లోనే ఆగదు. మునిప్రసాద్ రేపే ఆసుపత్రి మీదికి వస్తాడు. దయానంద్ ఫైలు తీసి సంతకం చూపిస్తాడు. ఆ తర్వాత వంటిల్లు, వసారా, అమ్మీ మోకాళ్లు. నిలోఫర్ అదంతా ముందే చూసింది, స్పష్టంగా చూసింది, ఎవరినీ అడగనవసరం లేనంత స్పష్టంగా. కండక్టరుకు పొమ్మని చేయి ఊపింది.

పాపతో ఇద్దరూ వెనక్కి నడిచారు. జ్ఞానాంబ అరుగుమీద బియ్యం చెరుగుతోంది. మునిప్రసాద్ ఏదో మరిచిపోయారా మేడమ్ అంటూ లేచాడు. నిలోఫర్ ఈసారి కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చెప్పింది. తన పేరు చెప్పింది, తన పని చెప్పింది, మే నెలలో ఏ రోజో చెప్పింది. మీ ఆమె చూసింది నిజం, నేనూ చూశాను, చూసి చూడలేదని రాశాను, అందులో ఆమె తప్పు ఏమీ లేదు అంది. జ్ఞానాంబ చేతిలో చేట ఆగిపోయింది. మునిప్రసాద్ ముఖం ముందు అర్థం కానట్టు, తర్వాత నల్లగా మారింది. అతను ఏదో అనబోయాడు.

నాగవేణి గుమ్మం మీద కూర్చుని పాపను ఒడిలోకి దించుకుంది. చాన్నాళ్లకు మొదటిసారి అత్తవైపు నేరుగా చూసింది.

"ఇంగోతూరి సెప్పు మేడమ్" అంది.

నిలోఫర్ మళ్లీ మొదటినుంచి చెప్పింది.